చారల గుఱ్ఱము ఎవరిది?

బుద్ధికి పదును పెట్టు వినోదములు అన్ని దేశములందును కలవు. మన యిండ్లలో పెద్దలు పొడుపుకథలు వేసి పిల్లలను పరీక్షింతురు. పొడుపుకథను విప్పుటకు స్ఫురణ చాలును. కాని కొన్ని ప్రశ్నలకు స్ఫురణ చాలదు. ఒక్కొక్క మెట్టే యెక్కుచు తర్కముతో సాధింపవలెను. అట్టివానిలో మిక్కిలి ప్రసిద్ధి కెక్కినది చారల గుఱ్ఱపు ప్రశ్న. ఇది 1962 డిసెంబరు 17వ తేదీ నాటి 'లైఫ్ ఇంటర్నేషనల్' అను పత్రికలో ప్రకటింపబడినది. దీనిని ఐన్‌స్టీను కల్పించెనని కొందరు చెప్పుదురు గాని, అందులకు ఆధారము లేదు.

ఒకే వరుసలో ఐదు ఇండ్లు కలవు. వాని రంగులు ఎఱుపు, నీలము, పసుపు, ఆకుపచ్చ, దంతపు రంగు. వానిలో నివసించువారు ఐదు దేశములవారు. ఒక్కొక్కడు ఒక్కొక్క జంతువును పెంచును; ఒక్కొక్క పానీయమును త్రాగును; ఒక్కొక్క రకపు సిగరెట్టు కాల్చును. వీరిని గూర్చి పదునైదు చిన్న వాక్యములు మాత్రమే ఈయబడినవి. వాని సాయముతో రెండు సంగతులు కనుగొనవలెను: మంచినీరు త్రాగువాడెవడు? చారల గుఱ్ఱము ఎవరిది?

దీనిని చేతితో సాధించువారు గళ్ళ పట్టికను గీసికొందురు. కుదరని గడిలో ఇంటూ గుర్తును, నిశ్చయమైన గడిలో టిక్కు గుర్తును పెట్టుదురు. ఉదాహరణమునకు, నార్వే దేశస్థుడు మొదటి యింట నున్నాడు. అతని ప్రక్క యిల్లు నీలము. మొదటి యింటికి ప్రక్కన నున్నది ఒక్క యిల్లే. కనుక రెండవ యిల్లు నీలము. ఆకుపచ్చ యిల్లు దంతపు రంగు యింటికి కుడి ప్రక్కనే యున్నది. కనుక ఈ జంట మూడు, నాలుగు స్థానములందైనను, నాలుగు, ఐదు స్థానములందైనను ఉండవలెను. ఎఱ్ఱ యింట నున్నవాడు ఆంగ్లేయుడు. కనుక నార్వే దేశస్థుని యిల్లు ఎఱుపు కాదు. ఇక మిగిలినది పసుపు. మొదటి యింటి రంగు పసుపని ఏ వాక్యమును చెప్పలేదు. అయినను మనకు తెలిసినది.

ఈ పనినే కంప్యూటరుచే చేయింపవచ్చును. యంత్రము చేయవలసిన పనులను వరుసగా తెలుపు ఆదేశములకు ప్రోగ్రామని పేరు. అన్ని అమరికలను ఒకదాని తరువాత నొకటి పరీక్షింపుమనుట సులభమైన ప్రోగ్రాము. కాని అమరిక లెన్ని? ఐదు రంగులను ఐదు ఇండ్లకు 120 విధములుగా అమర్చవచ్చును. దేశములు, జంతువులు, పానీయములు, సిగరెట్లు కూడ అట్లే. ఐదు 120లను హెచ్చించినచో 2,488 కోట్ల 32 లక్షలు వచ్చును. సెకనునకు పది లక్షల అమరికలను పరీక్షించు యంత్రమునకైనను అన్నింటిని చూచుటకు ఏడు గంటలకు చేరువగా పట్టును.

తెలివిగల ప్రోగ్రాము అట్లు చేయదు. నార్వే దేశస్థుడు మొదటి యింట నున్నాడను ఒక్క వాక్యముతోనే అమరికలలో ఐదింట నాలుగు వంతులను తొలగించును. మనము చేసినట్లే రంగులను నిర్ణయించును. రెండు మార్గములు మిగిలినపుడు ఒకదానిని పట్టి పోవును. మూడవ యిల్లు దంతపు రంగు, నాల్గవది ఆకుపచ్చ, ఐదవది ఎఱుపు అని అనుకొన్నదనుకొందము. తక్కిన వాక్యములను అన్వయించుచు పోగా, స్పెయిన్ దేశస్థునకు కుక్కయు, నత్తలును రెండును ఉండవలసి వచ్చును. ఒక్కొక్కనికి ఒక్క జంతువే గదా! కనుక ఆ మార్గము తప్పు. ప్రోగ్రాము వెనుకకు వచ్చి రెండవ మార్గమును పట్టును. ఈ పద్ధతిలో గంటల పని కనుఱెప్ప పాటులో ముగియును.

ఇట్టి తర్కమునకు అనువైన 'ప్రొలాగ్' అను కంప్యూటరు భాష 1972లో ఫ్రాన్సు దేశములోని మార్సెయి నగరమున రూపొందినది. అలన్ కొల్మెరోయర్, ఫిలిప్ రూసెల్ అనువారు దాని నిర్మాతలు. ఆ భాషలో ఎట్లు వెదకవలెనో విడివిడిగా వ్రాయ నక్కఱలేదు. తెలిసిన సంగతులను, నియమములను వ్రాసిన చాలును. ఆ భాషను నేర్చువారికి చారల గుఱ్ఱపు ప్రశ్న పేరుపొందిన అభ్యాసము.

అయితే మన పని తీఱిపోయినట్లేనా? కాదు. పదునైదు వాక్యములను మఱల చదివి చూడుడు. వానిలో ఎక్కడను మంచినీటి మాట లేదు. చారల గుఱ్ఱపు మాటయు లేదు. వానిలో కనబడు పానీయములు నాలుగే, జంతువులును నాలుగే. ఐదవవి యేవియో ప్రశ్నను బట్టి మనము గ్రహించితిమి. యంత్రమునకు చెప్పనిదే అది తెలియదు. ఏ రెండిండ్లకును ఒకే రంగు ఉండరాదను నియమమును వ్రాయుట మఱచితిమేని, యంత్రము రెండిండ్లకు ఎఱ్ఱ రంగు వేయుటకు సంకోచింపదు. కుడివైపనగా ఎవరి కుడివైపు? చూచువారి కుడివైపని పత్రికవారే ప్రత్యేకముగా తెలుపవలసి వచ్చెను.

తర్కము నడచు వేగములో యంత్రము మనలను మించినది. కాని ఏది నిజమో, ఏది నియమమో, ఏది అడుగుచున్నామో స్పష్టముగా చెప్పుట మానవుని వంతు. మనము మనసులో దాచుకొని పైకి చెప్పని మాట యొక్కటి యున్నను, యంత్రము శ్రద్ధగా పని చేసి తప్పు సమాధానమే యిచ్చును. అపుడు లోపము యంత్రమునది కాదు, మన మాటది.

ఆ పత్రిక 1963 మార్చి 25వ తేదీ సంచికలో సమాధానమును ప్రకటించెను. మంచినీరు త్రాగువాడు నార్వే దేశస్థుడు. చారల గుఱ్ఱము జపాను దేశస్థునిది.