ఉజ్జీవం కోసం ప్రార్థన అంటే అసలు ఏం చేయాలి?

ఈ ఎపిసోడ్‌కి కారణం ప్రొద్దుటూరు నుంచి ఒక తమ్ముడు పంపిన మెసేజ్. పేరు చెప్పను. సారాంశం ఇది. వాళ్ల చర్చిలో ఏడాదికోసారి మూడు రోజులు ఉజ్జీవ సభలు పెడతారు. ఆ మూడు రోజులు మనసు నిండిపోతుందంట, ఏడుపు కూడా వస్తుందంట. నాలుగో రోజు నుంచి మళ్లీ అదే ఫోను, అదే బెట్టింగ్ యాప్, అదే అప్పు. "నా ప్రార్థనలో లోపమా అన్నా, లేకపోతే ఇదంతా ఊరికేనా?" అని అడిగాడు.

నేను పాస్టర్‌ని కాదు. బీటెక్ చేసి, కొన్నేళ్లు సాఫ్ట్‌వేర్‌లో పనిచేసి, ఇప్పుడు వీడియోలు చేస్తున్నవాణ్ణి. అందుకే ప్రసంగం చేయను. ఉజ్జీవం అంటే ఏంది, మన తెలుగు నేల మీద అది ఎట్ల వచ్చింది, మనం ఎక్కడ మొదలుపెట్టాలి, ఈ మూడూ వరుసగా చెప్తా.

మాటలోనే అర్థం ఉంది

'ఉత్', 'జీవం' కలిస్తే ఉజ్జీవం. మళ్లీ ప్రాణం లేచి రావడం. ఒకప్పుడు ఉండి చల్లారిపోయినదానికే ఈ మాట వాడతాం. బైబిల్లో 85వ కీర్తన చూడండి, హబక్కూకు 3వ అధ్యాయం చూడండి. మమ్మల్ని మళ్లీ బతికించు అని అడుగుతున్నది దేవుణ్ణి ఎరగని జనం కాదు, ఆయన్ని నమ్మినోళ్లే. కాబట్టి నాలో చల్లారిపోయింది అని ఒప్పుకోవడం విశ్వాసం లేకపోవడం కాదు. ఈ ప్రార్థనకి మొదటి మాటే అది.

126వ కీర్తనలో ఒక పోలిక ఉంది. ఎండిపోయిన దక్షిణ దేశపు వాగుల్లో నీళ్లు పారినట్టు మమ్మల్ని తిరిగి నిలబెట్టు అని అడుగుతారు. ఇది మన కడప జిల్లా వాళ్లకి వివరించి చెప్పాల్సిన పని లేదు. ప్రొద్దుటూరు, జమ్మలమడుగు రెండూ పెన్నా ఒడ్డునే ఉన్నాయి. ఏడాదిలో ఎక్కువ రోజులు మనం చూసేది ఇసకే. ఆ నది పుట్టింది కర్ణాటకలో, నంది కొండల్లో. ఎగువన వానలు పడితే మన దగ్గర నీళ్లు. ఏటిని మనం పుట్టించలేం. అయితే కాలవలో కంప పెరగనిచ్చి, పూడిక నిండనిస్తే, నీళ్లు వచ్చినా పొలానికి చేరవు. ప్రార్థన కూడా ఇంతే. కొత్త జీవం ఇచ్చేది దేవుడు. కాలవ బాగుచేసుకోవడం మన పని.

ఐదుగురు, ఒక కొండ, 24 ఏళ్లు

1854 జనవరి 1. ఒంగోలు పక్కన ఒక కొండ మీదకి తెల్లవారకముందే ఐదుగురు ఎక్కారు. మిషనరీ లైమన్ జ్యూవెట్, ఆయన భార్య, ముగ్గురు తెలుగు విశ్వాసులు. అప్పటికి తెలుగు దేశంలో వాళ్ల అమెరికన్ బాప్టిస్టు మిషన్ పరిస్థితి ఎంత దెబ్బతిని ఉందంటే, ఈ పని ఆపేద్దామా అని అమెరికాలో చర్చ కూడా నడిచింది. ఆ కొండ మీద మోకరించి, ఒంగోలుకి ఒక మనిషిని పంపమని ప్రార్థించారు. ఆ కొండకి 'ప్రేయర్ మీటింగ్ హిల్' అనే పేరు అట్ల వచ్చింది.

వెంటనే ఏమీ జరగలేదు. జాన్ క్లౌ దంపతులు భారతదేశానికి వచ్చిందే 1865లో. 1866లో మాదిగ కులానికి చెందిన యర్రగుంట్ల పేరయ్య బాప్తిస్మం తీసుకుని, తన బంధువుల ఊర్లన్నీ తిరిగి సువార్త చెప్పాడు. తర్వాత 1876 నుంచి 78 దాకా పెద్ద కరువు. క్లౌ ఏం చేశాడంటే, బకింగ్‌హామ్ కాలవలో దాదాపు మూడున్నర మైళ్ల తవ్వకం కాంట్రాక్టు తీసుకుని జనానికి కూలి ఇచ్చాడు. కరువు సాయం నడిచినన్నాళ్లు బాప్తిస్మాలు ఆపేశాడు. కూడు కోసం మతంలోకి వచ్చారనే మాట రాకూడదని. సాయం అయిపోయాక, 1878 జులై 3న ఒక్కరోజే 2,222 మంది గుండ్లకమ్మలో బాప్తిస్మం తీసుకున్నారు.

మనం షేర్ చేసుకునేది ఆ 2,222 నంబరే. దాని వెనక 24 ఏళ్ల ఎదురుచూపు ఉంది, కాలవ తవ్విన చేతులు ఉన్నాయి, ఊరూరు నడిచిన పేరయ్య కాళ్లు ఉన్నాయి.

మన జిల్లా కథా ఇట్లాంటిదే. లండన్ మిషన్ వాళ్లు 1822లో కడపలో పని మొదలుపెట్టారు. జమ్మలమడుగులో చర్చితోపాటు ఆసుపత్రి కూడా వచ్చింది. అదే క్యాంబెల్ ఆసుపత్రి. 1947 సెప్టెంబర్ 27న దక్షిణ ఇండియా సంఘం ఏర్పడినప్పుడు ఈ సంఘాలన్నీ అందులో చేరాయి. రాజకీయం పక్కన పెట్టి ఒక మాట చెప్తా. డాక్టర్ వై.ఎస్. రాజశేఖరరెడ్డి గారు జమ్మలమడుగు మిషన్ ఆసుపత్రిలో డాక్టరుగా పనిచేశారు. 1973లో పులివెందులలో తండ్రి పేరు మీద ఆసుపత్రి కట్టించారు. మోకాళ్ల మీద ప్రార్థన చేసినోళ్లు మందులు కూడా ఇచ్చారు. అందుకే "ప్రార్థన చేశాం కదా, ఇంక మాత్రలు ఆపేయ్" అని ఎవరైనా చెప్తే నమ్మకండి. షుగర్ ఉన్నోళ్లు డాక్టర్‌ని అడగకుండా ఉపవాసం ఉండొద్దు.

ఒంటరిగా చేసే ప్రార్థన

మత్తయి 6వ అధ్యాయంలో యేసు గదిలోకి వెళ్లి తలుపు వేసుకోమంటాడు. ఆ రోజుల్లో తలుపు వేస్తే లోకం బయట ఉండేది. ఇప్పుడు లోకం మన జేబులో ఉంది. కాబట్టి ఇవాళ తలుపు వేయడం అంటే ఫోను వేరే గదిలో పెట్టడం. బైబిల్ యాప్‌లో చదివే అలవాటు ఉంటే ఆ పదిహేను నిమిషాలకైనా పేపరు బైబిల్ తీయండి. నోటిఫికేషన్ ఒక్కటి వచ్చిందంటే మనసు ఎటు పోతుందో మీకే తెలుసు.

ఆ పదిహేను నిమిషాల్లో ఏం చేయాలి? ఒక కీర్తన నెమ్మదిగా చదవండి. మాటలు రానప్పుడు ఆ కీర్తన మాటలే మీ మాటలు. కోపం, భయం, ఎందుకు ఇట్ల చేశావు దేవా అనే ప్రశ్న, అన్నీ కీర్తనల్లో ఉన్నాయి. తర్వాత ఒప్పుకోలు. ఇక్కడ "నేను పాపిని" అని గుండుగుత్తగా చెప్పి వదిలేయొద్దు. నిన్న రాత్రి రెండింటి దాకా ఏం చూశావు, అమ్మతో ఏం అబద్ధం చెప్పావు, ఎవరి డబ్బు ఎగ్గొట్టావు, పేరు పెట్టి చెప్పు. కోడ్‌లో తప్పు ఎక్కడుందో తెలియకుండా సరిచేయలేం కదా, ఇదీ అంతే. తర్వాత కాసేపు మౌనం. చివర్లో ఇంకొకరి కోసం ప్రార్థన. కువైట్‌లో ఉన్న అమ్మ కోసం, రాత్రి డ్యూటీలో ఉన్న చిన్నాయన కోసం, నీతో మాటల్లేని అన్న కోసం.

ఇప్పుడు ఆ తమ్ముడి ప్రశ్నకి జవాబు. తమ్ముడూ, సభలో వచ్చిన కన్నీళ్లు అబద్ధం కాదు. కాకపోతే అవి ఆరంభం. నాలుగో రోజు చేయాల్సిన పని ఒకటుంది. యాప్ తీసేయ్. అప్పు ఎంతుందో కాగితం మీద రాయి. ఆ కాగితం ఇంట్లో ఒకరికి చూపించు. ప్రార్థన చేస్తే అప్పు మాయమైపోదు. అప్పు దాచే అలవాటు పోతుంది, నిజం చెప్పే ధైర్యం వస్తుంది. అక్కడి నుంచే అప్పు తగ్గడం మొదలవుతుంది. ఇంత డబ్బు విత్తనంగా పంపిస్తే అప్పు తీరుతుంది అని ఎవరైనా క్యూఆర్ కోడ్ చూపిస్తే, అది కూడా ఒక రకం బెట్టింగే. దూరంగా ఉండు. చచ్చిపోవాలనే ఆలోచన వస్తే మాత్రం ఒంటరిగా ఉండొద్దు. వెంటనే ఇంట్లోవాళ్లకి చెప్పు, డాక్టర్ దగ్గరికి పో.

అందరూ కలిసి చేసే ప్రార్థన

నెహెమ్యా 1వ అధ్యాయం చదవండి. యెరూషలేము గోడలు కూలిపోయాయని విని ఆయన రోజుల తరబడి ఉపవాసం ఉండి ఏడ్చాడు. "వాళ్లు పాపం చేశారు" అనలేదు. నేనూ, నా తండ్రి ఇంటివాళ్లూ చేశాం అని ఒప్పుకున్నాడు. సంఘ ప్రార్థనకి ఇదే తాళంచెవి.

చాలామంది 5వ అధ్యాయం దాకా రారు. అక్కడ కరువులో జనం పొలాలు తాకట్టు పెట్టారు, పిల్లల్ని దాసులుగా అప్పగించారు. నెహెమ్యా సభ పెట్టి, వడ్డీ వదిలేయండి, పొలాలు తిరిగి ఇచ్చేయండి అని పెద్దోళ్లని నిలదీశాడు. వాళ్లు సరేనన్నారు. బంగారం అంగళ్లకి పేరుపడ్డ ప్రొద్దుటూరులో తాకట్టు, వడ్డీ అంటే ఏందో చిన్నపిల్లోనికి కూడా తెలుసు. శుక్రవారం ఉపవాస ప్రార్థనలో గట్టిగా ఆమెన్ చెప్పి, శనివారం పక్కింటి అక్క దగ్గర నూటికి ఐదు రూపాయల వడ్డీ గుంజితే, ఆ ఉపవాసం ఎందుకని యెషయా 58వ అధ్యాయం సూటిగా అడుగుతుంది.

ఇంకొకటి. మత్తయి 5వ అధ్యాయంలో యేసు, కానుక బలిపీఠం దగ్గర వదిలేసి ముందు సహోదరుడితో సమాధానపడి రమ్మన్నాడు. పగలు తరాలు దాటి నడిచిన సీమ మనది. పగ పెద్దోళ్లదే కానక్కర్లేదు. ఒకే చర్చిలో రెండు కుటుంబాలు, ఒకే ఊర్లో మాల చర్చి, మాదిగ చర్చి అని వేరువేరుగా కూర్చోవడం కూడా గోడే. రెండు సంఘాల యువకులు కలిసి ఒక్క రాత్రి ప్రార్థన పెట్టుకుంటే, అదీ ఉజ్జీవమే.

1904లో వేల్స్ దేశంలో వచ్చిన ఉజ్జీవంలో ముందున్న ఇవాన్ రాబర్ట్స్ వయసు 26. గని కార్మికుడిగా పనిచేసినవాడు. అక్కడ జనం పాత అప్పులు తీర్చారు, తెగిపోయిన సంబంధాలు కలుపుకున్నారు. ఆ వార్తలు విని ఖాసీ కొండల్లో, పూణె దగ్గర పండిత రమాబాయి ముక్తి మిషన్‌లో, తర్వాత మన తెలుగు సంఘాల్లో కూడా ప్రార్థనలు రగిలాయి. అదే రాబర్ట్స్ 1906కల్లా ఆరోగ్యం దెబ్బతిని జనం ముందు నుంచి తప్పుకున్నాడు. ఒక్కరి భుజాల మీదే మోపితే ఎవరైనా విరిగిపోతారు. మీ సంఘంలో అయ్యగారొక్కరే అన్నీ మోస్తుంటే, గొలుసు ప్రార్థనలో ఒక గంట మీ పేరు రాయించుకోండి.

వాట్సాప్ ప్రార్థన గ్రూపులకి కూడా ఒక మాట. "ఫలానా అమ్మాయి కోసం ప్రార్థించండి, ఆమె ఇంట్లో ఇట్ల జరిగింది" అని పూర్తి కథ పెట్టొద్దు. అది ప్రార్థన మనవి పేరుతో పుకారు పంచడం. ఆమెను అడగండి. ఆమె ఒప్పుకున్నంతే రాయండి. దేవునికి వివరాలు తెలుసు, గ్రూపులో 200 మందికి తెలియాల్సిన పని లేదు.

ఈ వారం చేయండి

పెద్ద సభ కోసం ఆగొద్దు. ఇద్దరు స్నేహితుల్ని చూసుకోండి, ముగ్గురు అవుతారు. వారంలో ఒక రోజు, ఒకే టైము, అరగంట. ఒక కీర్తన, ఒక ఒప్పుకోలు, ఊరి కోసం ఒక మనవి. లేచి వెళ్లేముందు ప్రతి ఒక్కరూ ఆ వారం చేసే ఒక పని చెప్పాలి. ఎవరికో ఫోన్ చేయడం, బాకీ కట్టడం, ఆసుపత్రిలో ఉన్న వాళ్లని చూసి రావడం, ఏదైనా సరే. వచ్చే వారం మొదట అడగాల్సిన ప్రశ్న, "చేశావా?"

నలభై రోజులు ఇట్ల చేసి ఏం మారిందో, ఏం మారలేదో నాకు రాయండి. మారలేదని రాసినా చదువుతా. వచ్చే ఎపిసోడ్‌లో ఉపవాసం గురించి మాట్లాడుకుందాం.