పాప్‌కార్న్: గింజ మంచిదే, మరి పైన చల్లేది?

సినిమా హాల్లో ఇంటర్వెల్ పడగానే చేతికొచ్చే పాప్‌కార్న్‌ను కొందరు చెత్త తిండి అంటారు, కొందరు డైటింగ్ తిండి అంటారు. పేలిన గింజ వేరు, దానికి పట్టించే నూనె, ఉప్పు, చక్కెర వేరు. ఈ రెండింటినీ కలిపేయడం వల్లే ఇన్ని అపోహలు.

అపోహ: పాప్‌కార్న్ కాలక్షేపానికే, ఒంటికి పట్టేదేమీ ఉండదు.

వాస్తవం: పొట్టు, మొలక భాగం పోని ముడిధాన్యం ఇది. నూనె లేకుండా పేల్చిన 100 గ్రాముల్లో సుమారు 14 గ్రాముల పీచు, 12 గ్రాములకు పైగా మాంసకృత్తులు ఉంటాయి. పళ్ల సందుల్లో ఇరుక్కుని విసిగించే పలుచని పొట్టులోనే పీచు, పాలీఫినాల్స్ ఎక్కువ. తొలి ఏకాదశికి బెల్లం కలిపి తినే పేలపిండి కూడా పేల్చిన ధాన్యమే కదా!

అపోహ: గింజలు పేలడానికి ఏదో మందు కలుపుతారు.

వాస్తవం: ఆ అవసరమే లేదు. ఇది మొక్కజొన్నలో ప్రత్యేక రకం. గట్టి పొట్టు లోపల సుమారు 14 శాతం తేమ ఉంటుంది. 180 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఆవిరి ఒత్తిడికి పొట్టు పగిలి, మెత్తబడ్డ పిండి నురగలా పొంగి గట్టిపడుతుంది. పొట్టు చిట్లినవీ, మరీ ఎండిపోయినవీ పేలకుండా అడుగున మిగులుతాయి.

అపోహ: తేలిగ్గా ఉంటుంది కాబట్టి ఎంత తిన్నా లావెక్కరు.

వాస్తవం: కప్పుడు ఉత్త పేలాలు 8 గ్రాములు తూగుతాయి, 30 కేలరీలిస్తాయి. ఒక్క టేబుల్‌స్పూను నూనె పడితే 120 కేలరీలు అదనం. హాళ్లలో ‘వెన్న రుచి’ చాలాసార్లు రంగు, వాసన కలిపిన నూనెదే. కారమెల్ రకానికి చక్కెర తోడు. ఉప్పు రోజంతటికీ 5 గ్రాములు మించొద్దంటోంది ప్రపంచ ఆరోగ్య సంస్థ. టబ్బు ఖాళీ చేసే ముందు ఆ లెక్క చూసుకోవాలి.

అపోహ: షుగర్ ఉన్నవాళ్లు ముట్టకూడదు.

వాస్తవం: ఇందులో నాలుగింట మూడు వంతులు పిండిపదార్థమే కాబట్టి కొలత తప్పదు. అయితే మిక్చర్, బిస్కెట్ల బదులు ఒకటి రెండు కప్పుల ఉత్త పేలాలు మెరుగు.

అపోహ: పసిపిల్లలకు ఇంతకంటే మంచి చిరుతిండి లేదు.

వాస్తవం: నాలుగేళ్లు నిండనివారికి పెట్టొద్దు. గొంతుకు అడ్డుపడే ప్రమాదం ఉంది.

ఇంట్లో చేసుకుంటే అన్నీ మన చేతిలోనే ఉంటాయి. రెండు టేబుల్‌స్పూన్ల గింజలు, ఒక టీస్పూను నూనె మూకుట్లో వేసి మూతపెడితే నాలుగు కప్పులవుతాయి. చిటపటలు తగ్గగానే దించి, చిటికెడు ఉప్పు, మిరియాల పొడి చల్లుకుంటే చాలు.