పౌడరు వాసన పౌడరుది కాదు

ఇలా రా బుజ్జితల్లీ, పక్కన కూర్చో. ఆ పౌడరు డబ్బా చూశావా? అందులోని టాల్క్ ఒక రాయి. గోటితో గీకితే గీత పడేంత మెత్తటి రాయి. దానికంటూ చెప్పుకోదగ్గ వాసన లేదు. మరి మనం ‘పౌడరు వాసన’ అంటామే, అది ఎక్కడిది? ఐరిస్ దుంప పొడి, వయొలెట్ పూల పరిమళం లాంటివి వెనకటి నుంచీ ముఖం పౌడర్లలో కలుపుతూ వచ్చారు. ఎప్పుడూ రెండూ కలిసే ముక్కుకు తగిలేసరికి, ఆ పరిమళమే పౌడరుదని మనకు అలవాటైపోయింది.

ఇదిగో, రెండు సీసాలు. ఆ పౌడరు వాసన వీటిలో దేనికుందో చూద్దాం. రెండూ ఫ్రెంచి సెంట్లే, మామూలు జనం కొనుక్కోగలిగినవే. కోటీ వాళ్ల ‘లేమాన్’ 1927లో వచ్చింది. ఆ మాటకు అయస్కాంతం అని అర్థం. ఈ నీలం సీసా బూర్జువా వాళ్ల ‘ఈవెనింగ్ ఇన్ పారిస్’, 1928 నాటిది. దీన్ని కూర్చిన ఎర్నెస్ట్ బో అంతకు ఏడేళ్ల ముందు షనెల్ నంబర్ 5 చేసినవాడే. మా అమ్మ ట్రంకుపెట్టెలో ఇలాంటి ఖాళీ సీసా ఒకటి ఉండేది. మూత తీస్తే చీరలన్నీ గుప్పుమనేవి.

రెండు కాగితం ముక్కల మీద చెరో చుక్క వేశాను, చూడు. లేమాన్ ముందుగా సబ్బుతో ఉతికి ఇస్త్రీ చేసిన బట్టలా ఉంటుంది. అది ఆల్డిహైడ్లనే పదార్థాల పని. నారింజ తొక్క నలిపితే చిమ్మే నూనెలోనూ అవి ఉంటాయి. అవి తేలిపోయాక గులాబీ, చివరికి వెనిలా.

ఇప్పుడు నీలం సీసాది గట్టిగా పీల్చు. వయొలెట్ తగిలిందా? మళ్లీ పీల్చు. ఏదీ, కనబడదే! ఎక్కడికీ పోలేదమ్మా. ఆ వాసన అయోనోన్ అనే పదార్థానిది. ముక్కులో దాన్ని పట్టుకునే గ్రాహకాలు ఇట్టే అలసిపోతాయి. కాస్త ఆగితే మళ్లీ అందుతుంది. కొందరికి పుట్టుకతోనే అది సరిగా తెలియదు. 1893లో టీమన్, క్రూగర్ అనే జర్మన్ రసాయనవేత్తలు దీన్ని సిట్రాల్ నుంచి తయారు చేశారు. మన నిమ్మగడ్డి నూనెకు నిమ్మ వాసన ఇచ్చేదీ సిట్రాలే. అసలు వయొలెట్ పూల నూనె మహా ఖరీదు. అయోనోన్ రాబట్టే ఆ పరిమళం సామాన్యుల చేతికి అందింది.

పౌడరు వాసన కావాలంటే నా ఓటు నీలం సీసాకే. నువ్వు మాత్రం మూత తీసిన క్షణంలో తేల్చెయ్యకు. మణికట్టు మీద చుక్క రాసుకుని, ఒక గంట ఆడుకుని వచ్చి అప్పుడు చెప్పు.