జలుబు జ్వరంలో కాలేయం సంగతి

2020 మార్చిలో మన పొరుగు జిల్లా కలబురగిలో దేశంలోనే తొలి కోవిడ్ మరణం నమోదయింది. ఆ తరువాత ఊపిరితిత్తుల మాట వినని ఇల్లు లేదు. అయితే ఆ రోగులలో అనేకుల రక్తపరీక్షలలో కాలేయానికి సంబంధించిన ఎస్.జి.ఓ.టి., ఎస్.జి.పి.టి. అంకెలు కూడా పెరిగి కనిపించాయన్న విషయం అంతగా ప్రచారం కాలేదు. ఫ్లూ జ్వరంలోనూ అప్పుడప్పుడు ఇలా జరుగుతుంది.

ఈ రెండూ కాలేయ కణాలలో ఉండే ఎంజైములు. కణాలు దెబ్బతిన్నప్పుడు రక్తంలోకి చేరతాయి. వైరస్‌తో పోరాడే క్రమంలో శరీరమంతటా రేగే వాపు, రక్తంలో ప్రాణవాయువు తగ్గడం, వాడిన మందులు ఇందుకు కారణం కావచ్చు. ఎస్.జి.ఓ.టి. కండరాలలోనూ ఉంటుంది గనుక ఆ అంకె ఒక్కటే చూసి కాలేయం చెడిందని బెంగపడనక్కరలేదు. జబ్బు తీవ్రం కానప్పుడు ఈ పెరుగుదల సాధారణంగా స్వల్పమే. కొన్ని వారాలలో దానంతటదే సర్దుకుంటుంది.

అంతకంటె భయపడవలసినది మనం మింగే మాత్రల విషయంలో. ఆరోగ్యవంతులైన పెద్దలకు సైతం పారాసిటమాల్ రోజుకు 4 గ్రాములు మించరాదు. 650 మిల్లీగ్రాముల మాత్రలు ఆరు వేసుకుంటేనే 3.9 గ్రాములవుతుంది. జలుబు మాత్రలలోనూ, ఒళ్లునొప్పుల మాత్రలలోనూ తరచుగా ఇదే మందు కలిసి ఉంటుంది. జహీరాబాదు నుంచి తెచ్చుకున్నది ఒక పేరుతో, చిట్గుప్పలో కొన్నది మరొక పేరుతో ఉన్నా లోపలి మందు ఒకటే కావచ్చు. కాబట్టి స్ట్రిప్పులు పారవేయక వైద్యునికి చూపండి. మీకు కన్నడం రాకపోయినా చెప్పవలసినది అవే చెబుతాయి. మద్యం అలవాటున్నవారికి, రోజుల తరబడి తిండి లేక నీరసించినవారికి ఇంకా తక్కువ మోతాదే హాని చేయగలదు. మోతాదు మించిందని తెలిసిన వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. తొలిరోజు ఏ లక్షణమూ కనిపించకపోవచ్చు. విరుగుడు మందు 8 గంటలలోపు అందితే చక్కగా పనిచేస్తుంది.

ఫ్లూ సోకిన పిల్లలకు ఆస్పిరిన్ ఇవ్వనే కూడదు. అరుదుగానైనా అది కాలేయాన్నీ మెదడునూ కలిపి దెబ్బతీస్తుంది.

ఇక కషాయాలు. కోవిడ్ కాలంలో తిప్పతీగ వాడిన ఆరుగురిలో కాలేయం దెబ్బతిన్నట్లు 2021లో ముంబయి వైద్యులు ప్రకటించగా, ఆయుష్ మంత్రిత్వ శాఖ అంగీకరించలేదు. వారు వాడినది తిప్పతీగేనని నిర్ధారించలేదన్నది. ఆ వాదం ఎటు తేలినా, కషాయం తాగుతున్న సంగతి వైద్యునికి దాచరాదు.

కళ్లు పచ్చబడినా, మూత్రం ముదురు రంగులో వచ్చినా, వాంతులు ఆగకపోయినా, మాట తడబడి మగత కమ్మినా ఆలస్యం చేయకుండా ప్రభుత్వ ఆసుపత్రికి గాని, బీదర్‌లోని బ్రిమ్స్‌కు గాని వెళ్లండి. అది జలుబు వైరస్ పని కాక డెంగీ కావచ్చు, కలుషిత నీటి వలన వచ్చే కామెర్లు కావచ్చు.