కోల్డ్‌ప్లే టికెట్ 2,000కే: క్యూలో ఓడిపోయి, మోసపోయి, చివరికి ఎలా దొరికిందంటే

2024 సెప్టెంబర్ 22, ఆదివారం. మధ్యాహ్నం 12 గంటలకు కోల్డ్‌ప్లే ముంబై షోల టికెట్లు ఓపెన్. నా టేబుల్ మీద ఆఫీస్ ల్యాప్‌టాప్, సొంత ల్యాప్‌టాప్, రెండు ఫోన్లు, రూమ్మేట్ ట్యాబ్. ఫైబర్ కనెక్షన్ ఒకటి, బ్యాకప్‌గా 5జీ హాట్‌స్పాట్ ఇంకొకటి. సెటప్ చూసి రూమ్మేట్ "రాకెట్ లాంచ్ చేస్తున్నావా?" అన్నాడు. 12 దాటిన రెండు నిమిషాలకు స్క్రీన్ మీద నంబర్ వచ్చింది. నా ముందు మూడు లక్షల మందికి పైగా ఉన్నారు!

అసలు ఇంత హడావిడి ఎందుకంటే, బీటెక్ చదివే రోజుల్లో మా చెల్లికి ఒక మాట ఇచ్చాను. "కోల్డ్‌ప్లే మళ్లీ ఇండియా వస్తే నా జీతంతో నిన్ను తీసుకెళ్తా" అని. వాళ్లు ఇక్కడ వాయించింది 2016 నవంబర్‌లో, ముంబై గ్లోబల్ సిటిజన్ ఫెస్టివల్‌లో. మళ్లీ వస్తారన్న నమ్మకం లేదు కాబట్టి మాట ఇవ్వడం ఈజీ అయింది. తీరా వచ్చేశారు. చెల్లి ఖమ్మం నుంచి ఒకే ఒక్క మెసేజ్ పెట్టింది: "అన్నా, గుర్తుందా?"

నా బడ్జెట్ ఇద్దరికీ రానుపోను అన్నీ కలిపి 10,000. టికెట్ ధరలు 2,500 నుంచి లాంజ్ అయితే 35,000 దాకా ఉన్నాయి. అంటే నాకు పనికొచ్చేవి కింది మూడు నాలుగు రకాలే. అవే ముందు అయిపోతాయి కూడా. గంటన్నర తర్వాత నా వంతు వచ్చేసరికి ఏమీ మిగల్లేదు. ఆ రోజు 1.3 కోట్ల మంది లాగిన్ అయ్యారని తర్వాత నిర్వాహకులే చెప్పారు.

ఇక్కడ సాఫ్ట్‌వేర్ వాడిగా ఒక విషయం చెప్పాలి. ఉదయం 10 నుంచే పేజీ తెరిచి కూర్చుంటే ముందు నంబర్ వస్తుందని చాలామంది అనుకుంటారు. ఇలాంటి వెయిటింగ్ రూమ్ సిస్టమ్స్‌లో ఎక్కువగా జరిగేది వేరు. సేల్ మొదలవకముందు చేరిన అందరినీ ఒక బుట్టలో వేసి, టైమ్ అవగానే ర్యాండమ్‌గా నంబర్లు ఇస్తారు. ఆ తర్వాత వచ్చినవాళ్లు వరుసగా వెనక చేరతారు. కాబట్టి 10 గంటలకు చేరినా 11:55కి చేరినా లాటరీ ఒకటే. 12:01కి చేరితే మాత్రం పనైపోయినట్టే. ఒకే అకౌంట్‌తో ఐదు డివైజ్‌లు పెట్టడం వల్ల కూడా లాభం లేదు. క్యూ చాలాసార్లు అకౌంట్‌కి గానీ సెషన్‌కి గానీ ముడిపడి ఉంటుంది. ఇంట్లో నలుగురు ఉంటే నలుగురూ సొంత అకౌంట్లతో చేరడమే నిజమైన 'మల్టీ-డివైజ్'. నేను మాత్రం ఆ రోజు ఐదు స్క్రీన్లలో ఒకే అకౌంట్ పెట్టుకుని కూర్చున్నా. సిగ్గుపడాల్సిన విషయమే.

అసలు తప్పు ఆ తర్వాత చేశాను. రెండు రోజులకి ఒక మెసేజింగ్ యాప్ గ్రూప్‌లో ఒకడు తగిలాడు. "బ్రో, రెండు టికెట్లు ఎక్స్‌ట్రా ఉన్నాయి, ఒక్కోటి 5,000. సగం అడ్వాన్స్, సగం టికెట్ చేతికొచ్చాక" అన్నాడు. బడ్జెట్ అంతా టికెట్లకే పోతుంది, అయినా చెల్లి ముఖం గుర్తొచ్చింది. వాడు ఆధార్ ఫోటో పంపాడు, బుకింగ్ స్క్రీన్‌షాట్ పంపాడు, పద్ధతిగా మాట్లాడాడు. యూపీఐలో 5,000 కొట్టాను. పది నిమిషాల్లో బ్లాక్. అప్పుడు ఆ స్క్రీన్‌షాట్ జూమ్ చేసి చూశాను. తేదీ జనవరి 20 అని ఉంది. ముంబై షోలు 18, 19, 21. 20న అసలు షోనే లేదు! రోజూ పక్కవాడి కోడ్‌లో తప్పులు పట్టే నేను దీన్ని డబ్బు పంపాక గానీ చూడలేదు.

వెంటనే 1930కి కాల్ చేసి, సైబర్ క్రైమ్ పోర్టల్‌లో కంప్లైంట్ పెట్టాను. ఇలాంటివి ఎంత త్వరగా చెబితే డబ్బు ఫ్రీజ్ అయ్యే అవకాశం అంత ఎక్కువ. నేను 'ఇంకో గంట చూద్దాం, మళ్లీ రిప్లై ఇస్తాడేమో' అని ఆగాను. ఆ డబ్బు ఇప్పటికీ రాలేదు. ఆ అక్టోబర్‌లో ఈడీ కోల్డ్‌ప్లే, దిల్జిత్ దోసాంజ్ టికెట్ల బ్లాక్ దందా మీద ఐదు రాష్ట్రాల్లో సోదాలు చేసింది. నాలాంటి వాళ్లు చాలామందే ఉన్నారని అప్పుడు అర్థమైంది. స్క్రీన్‌షాట్, పీడీఎఫ్ అనేవి టికెట్లు కావు. ఒకే క్యూఆర్‌ని పదిమందికి అమ్మినా గేటు దగ్గర ముందు స్కాన్ అయినవాడే లోపలికి వెళ్తాడు. సెకండ్ హ్యాండ్‌లో కొనాల్సి వస్తే యాప్ లోపలే ట్రాన్స్‌ఫర్ అయ్యేవి కొనాలి. దిల్జిత్ టూర్ టైమ్‌లో జొమాటో ఇలాంటి రీసేల్ ఫీచర్ ఒకటి ప్రకటించింది. అందులో ఎవరైనా మీ టికెట్ కొంటే మీ పాతది రద్దయి, వాళ్ల పేరు మీద కొత్తది వస్తుందని చెప్పింది. పద్ధతి అంటే అదీ.

చెల్లికి 5,000 సంగతి చెప్పలేదు. "దొరకలేదురా" అని మాత్రం చెప్పాను. "పర్లేదులే అన్నా" అంది. ఆ పర్లేదు వినడం తిట్టించుకోవడం కంటే కష్టం.

తర్వాత కొంచెం బుద్ధిగా, ఈ బ్యాండ్ వేరే దేశాల్లో టికెట్లు ఎలా అమ్మిందో చదవడం మొదలుపెట్టాను. పెద్ద టూర్లలో మొదటి రోజు అమ్మేవే అన్నీ కావు. డిమాండ్ చూసి షోలు పెంచుతారు. ముంబైలో 21వ తేదీ షో అలా సేల్ నడుస్తుండగానే వచ్చింది. నవంబర్‌లో అహ్మదాబాద్‌ది కూడా అంతే, 25 అని మొదలై 26 కలిసింది. పైగా అక్కడ స్టేడియంలో లక్ష మందికి పైగా పడతారు. స్టేజ్, సౌండ్ టవర్ల కోసం ఆపి ఉంచిన సీట్లలో కొన్ని, సెటప్ పూర్తయ్యాక షో దగ్గరపడ్డప్పుడు వదులుతారు. ఆ టూర్‌లో కోల్డ్‌ప్లేకి వీటితో పాటు ఇన్ఫినిటీ టికెట్లు అనే పథకం ఉండేది. ప్రతి షోకి కొన్ని టికెట్లు 20 యూరోలకు సమానమైన ధరకే ఇచ్చేవారు, మన దగ్గర 2,000. జంటగానే కొనాల్సి ఉండేది, మనిషికి రెండే. సీటు ఎక్కడో షో రోజు బాక్సాఫీస్‌లో టికెట్ తీసుకునే దాకా తెలిసేది కాదు. స్టేజ్ ముందు పడొచ్చు, పై అంతస్తులో మూలకి పడొచ్చు.

ఇవి నవంబర్ 22 మధ్యాహ్నం 12కి ఓపెన్ అయ్యాయి. శుక్రవారం, ఆఫీస్ టైమ్. ఈసారి నా అకౌంట్ ఒకటి, రూమ్మేట్‌ది ఒకటి, ఖమ్మంలో చెల్లిది ఒకటి. పేమెంట్ ఆప్షన్ ముందే సేవ్ చేశాం, బ్యాంక్ సర్వర్ మొరాయిస్తే అని రెండో యూపీఐ కూడా పెట్టుకున్నాం. టార్గెట్ 21, మంగళవారం. వీకెండ్ షోల మీదే జనం ఎక్కువ పడతారని నా లెక్క.

నాకు రాలేదు. రూమ్మేట్‌కీ రాలేదు. 12:20కి మీటింగ్‌లో ఉండగా చెల్లి ఫోన్. మ్యూట్ చేసి ఎత్తాను. "అన్నా, ఓటీపీ అడుగుతోంది, నీ ఫోన్‌కి వచ్చింది, చెప్పు చెప్పు!" వణుకుతూ చదివాను. మూడేళ్ల నాటి 12,000 ఫోన్, ఇంట్లో రెండు గీతలు చూపించే సిగ్నల్. టికెట్లు దానిమీదే దొరికాయి. ఈ సైట్‌లో ప్రాసెసర్ స్కోర్ల మీద కొట్టుకునే మనందరం ఒకసారి ఆలోచించాలి.

సంక్రాంతికి పెట్టిన సెలవులకి ఇంకో రెండు రోజులు కలపమంటే మేనేజర్ మొహం మాడింది, అది వేరే కథ. హుస్సేన్‌సాగర్ ఎక్స్‌ప్రెస్‌లో స్లీపర్, కళ్యాణ్‌లో దిగి లోకల్. ఆ రోజుల్లో స్టేడియం దగ్గర హోటల్ రేట్లు చూస్తే టికెట్ కంటే ఎక్కువ. ఐరోలీలో మా పిన్ని వాళ్లు ఉన్నారు కాబట్టి బతికిపోయాం. అక్కడి నుంచి నెరూల్‌కి లోకల్ ట్రైనే. టికెట్ దొరకగానే మీరు మొదట చేయాల్సింది స్టోరీ పెట్టడం కాదు, రైలు బుక్ చేయడం.

బాక్సాఫీస్ కిటికీ దగ్గర కవర్ తెరిచేటప్పుడు చెల్లి కళ్లు మూసుకుంది. పై లెవెల్, పక్క వైపు. క్రిస్ మార్టిన్ అగ్గిపుల్లంత కనిపించాడు, మిగతాదంతా స్క్రీన్ మీదే. కానీ లైట్లు ఆరి, అందరి చేతులకున్న రిస్ట్‌బ్యాండ్లు ఒకేసారి వెలిగినప్పుడు ఆ దృశ్యం మొత్తంగా కనిపించేది పైనుంచే. చెల్లి ఫోన్ బ్యాగ్‌లో పెట్టేసింది. నేను వీడియో తీయబోతే నా ఫోన్ కూడా లాక్కుంది.

తిరుగు రైల్లో లెక్క చూసుకున్నాం. టికెట్లు, రైలు, లోకల్, ఆటో, తిండి, పిన్నికి పట్టుకెళ్లిన పుల్లారెడ్డి స్వీట్లు అన్నీ కలిపి ఇద్దరికీ 8,500 దాటలేదు. ఆ ఊపులో నోరు జారి మోసపోయిన సంగతి చెప్పేశాను. చెల్లి నా ఫోన్ తీసుకుని నోట్స్‌లో లెక్క కింద ఇంకో లైన్ టైప్ చేసింది: "అన్న తెలివి: 5,000."