బాటిల్‌ని ఎవరు నొక్కారు?

రండర్రా, రండి. అరుగు మీద చాప పరిచాను. మీ అమ్మమ్మ జంతికల డబ్బా మూత తీసింది. రేపు తెల్లవారగానే విశాఖ రైలు, మధ్యాహ్నం విమానం, సాయంత్రానికి హైదరాబాదులో పెద్దమావయ్య ఇల్లు. వేసవి సెలవుల్లో మొదటి ప్రయాణం, పైగా మొదటిసారి విమానం. మీకు ఈ రాత్రి నిద్ర పట్టదని నాకు తెలుసు. నాకూ పట్టదు, కాకపోతే నాది వయసు వల్ల. సరే, ముందు సాయంత్రం నుంచి నడుస్తున్న ఈ బాటిల్ తగువు తేలుద్దాం.

సంగతేమిటంటే, బుజ్జిగాడు పొద్దున కొరాపుట్ స్టేషన్లో నీళ్లన్నీ తాగేసి, ఖాళీ బాటిలుకి మూత గట్టిగా బిగించి సంచిలో పడేశాడు. దమన్‌జోడి దాటారు, కాకిరిగుమ్మ, లక్ష్మీపూర్ రోడ్డు, టికిరి అన్నీ దాటారు, సొరంగాలు లెక్కపెట్టి లెక్క తప్పారు. ఇక్కడ రాయగడలో దిగి చూస్తే ఆ బాటిలు డొక్క లోపలికి పోయి, రెండ్రోజులు తిండి లేని కుక్కపిల్లలా ఉంది. చిట్టేమో “వీడే దాని మీద కూర్చున్నాడు” అంటుంది. వీడేమో “ఒట్టు తాతా, నేను ముట్టుకోలేదు” అంటాడు.

వాడు చెప్పింది నిజమేనే చిట్టీ. కానీ నొక్కిన దొంగ కూడా ఉన్నాడు. ఇప్పుడు ఈ అరుగు మీదే ఉన్నాడు. నిన్నూ నొక్కుతున్నాడు, నన్నూ నొక్కుతున్నాడు. వాడి పేరు గాలి.

పెళ్లింట్లో చుట్టాల కోసం పరుపులు ఒకదాని మీద ఒకటి పేరుస్తారు చూశారా? అన్నిటికంటే పైనున్న పరుపు పొంగిన పూరీలా ఉంటుంది. అడుగున ఉన్నది అప్పడమైపోతుంది, మీద బరువు ఎక్కువ కాబట్టి. గాలీ అంతే. మన నెత్తి మీద కిలోమీటర్ల కొద్దీ గాలి పరుపులున్నాయి. విశాఖ సముద్రపు ఒడ్డున ఉన్నవాళ్లు అడుగు పరుపు కింద ఉన్నట్టు. రాయగడ సముద్రం మీద రెండు వందల మీటర్ల ఎత్తు, కాబట్టి నేనూ దాదాపు అడుగునే. మీ కొరాపుట్ 870 మీటర్ల ఎత్తున ఉంది. అంటే మీరు గుట్టలో కొంచెం పైకెక్కి పడుకున్న గడుగ్గాయిలన్నమాట. అక్కడ గాలి ఒత్తిడి సముద్రం దగ్గరకంటే పదింట ఒక వంతు తక్కువ. ఆ పలచటి గాలిని బాటిల్లో పెట్టి మూతేసి కొండ ఘాటు దింపారు. ఇక్కడి చిక్కటి గాలి బయట నుంచి నొక్కింది, లోపలిది ఎదురు నిలవలేకపోయింది. చిన్న టీ గ్లాసెడు చోటు నలిగిపోయింది. ఇదీ తీర్పు. ఇద్దరూ చెరో జంతిక తీసుకోండి.

ఈ గాలి పలచదనం మీ అమ్మని కూడా ఒకప్పుడు ఏడిపించింది. పెళ్లయి కొరాపుట్ వెళ్లిన కొత్తలో ఫోన్ చేసి, “అమ్మా, గంట నుంచి కందిపప్పు ఉడుకుతోంది, పలుకు పోవట్లేదు” అని ఒకటే గోల. మీ అమ్మమ్మ “పప్పు పాతదేమో, కొట్టువాడు అంటగట్టాడు” అని ఆ కొట్టువాణ్ణి ఇక్కడి నుంచే తిట్టింది. పాపం అతని తప్పేం లేదు. నీళ్లు మరగాలంటే నీటి ఆవిరి పైనున్న గాలిని తోసుకుని లేవాలి. మీద బరువు తక్కువైతే తొందరగానే లేస్తుంది. విశాఖలో నూరు డిగ్రీలకు మరిగే నీళ్లు మీ ఊళ్లో 97 డిగ్రీలకే మరిగిపోతాయి. కుతకుతా శబ్దం అదే, వేడి మాత్రం తక్కువ. అందుకే పప్పు మొండికేసింది. మర్నాడే కుక్కరు కొన్నాం. కుక్కరంటే ఏమిటనుకున్నారు? మూత బిగించి, లోపల ఒత్తిడి పెంచి, కొరాపుట్ వంటింటిని విశాఖ కంటే కిందికి దింపే గిన్నె. ఈ కుక్కరుని గుర్తుపెట్టుకోండి, మళ్లీ దీనితో పని పడుతుంది.

ఇందాక ఘాటు దిగుతుంటే చెవులు దిబ్బళ్లు పడ్డాయన్నారుగా? అదీ ఈ దొంగ పనే. చెవి గూబ ఒక చిన్న డప్పు చర్మం లాంటిది. దాని వెనకనున్న గదిలో కాస్త గాలి ఉంటుంది. ఆ గది నుంచి గొంతు వెనక్కి ఒక సన్నని గొట్టం ఉంటుంది. కొండెక్కేటప్పుడు లోపలి గాలి టక్కున బయటికొచ్చేస్తుంది. దిగేటప్పుడు బయటి గాలి లోపలికి పోవాలి, అప్పుడే ఆ గొట్టం పేచీ పెడుతుంది. సందలో పెళ్లివారిల్లు లాగా, బయటికొచ్చేవాళ్లకి దారి, లోపలికి పోయేవాళ్లకి తోపులాట. మింగితే, ఆవులిస్తే, ఏదైనా నమిలితే గొట్టం నోరు తెరుస్తుంది. విమానం ఎక్కేటప్పటికంటే దిగేటప్పుడే చెవి నొప్పి ఎక్కువగా ఉండేది అందుకే. కాబట్టి దిగుతున్నామని చెప్పగానే పిప్పరమెంటు బిళ్ల బుగ్గన పెట్టుకోండి. చంటిపిల్లలకు ఆ వేళప్పుడే పాలు పట్టమనేదీ ఇందుకే.

ఇక మీ పెట్టె సంగతి. అమ్మమ్మ మావయ్య కోసం ఆవకాయ సీసా, ఎండుకొబ్బరి చిప్పలు సర్దింది. ఆవకాయని నాలుగు కవర్లు చుట్టి పెద్ద పెట్టెలో పెట్టాలి. చేతిసంచిలో పెడితే తనిఖీ దగ్గర ఆపేస్తారు. ఎండుకొబ్బరి మాత్రం ఇంట్లోనే వదిలేయండి. ఒకసారి నేను అలాగే పట్టుకెళ్తే పిలిచి పెట్టె విప్పించారు. “కొబ్బరేమన్నా బాంబా నాయనా” అన్నాను. ఆ కుర్రాడు నవ్వి, “రూలండీ” అన్నాడు. ఇంటికొచ్చి ఆలోచిస్తే ఉత్త రూలు కాదు, అది మన కళ్లంలో ఉన్న సంగతే. తడి ఆరని గడ్డిని వామి వేస్తే, నాలుగు రోజుల తర్వాత చెయ్యి పెడితే లోపల వెచ్చగా ఉంటుంది. ఒక్కోసారి దానంతటదే పొగలేస్తుంది. కొబ్బరి కురిడీ నిండా నూనే. గాలి సోకి నూనె మెల్లగా మారుతూ వేడి పుట్టిస్తుంది, గుట్టగా ఉంటే ఆ వేడి బయటికి పోదు. ఆకాశంలో సామాన్ల గదిలో వామి పొగలేస్తే ఎవరు ఆర్పుతారు? ఫోన్ చార్జింగు పెట్టే పవర్ బ్యాంకుని పెద్ద పెట్టెలో వద్దు, చేతిసంచిలోనే పెట్టమనేదీ ఆ భయంతోనే. పక్కన ఉంటే పొగ రాగానే కంటబడుతుంది.

“అంత బరువు ఎలా లేస్తుంది తాతా?” అని చిట్టి మధ్యాహ్నం నుంచీ అడుగుతోంది. మీ ఒడియా పుస్తకంలో విమానాన్ని ఉడాజాహాజ అంటారు కదా, ఎగిరే ఓడ అని. ఓడని నీళ్లు మోస్తాయి, దీన్ని గాలి మోస్తుంది. గాలికి అంత సత్తువ ఉందా అంటారేమో. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖను కొట్టింది. గంటకు దాదాపు 180 కిలోమీటర్ల గాలి. ఇనప రేకుల కప్పులు విస్తరాకుల్లా లేచిపోయాయి. విశాఖ విమానాశ్రయం కూడా దెబ్బతింది. తుపానులో ఇల్లు నిలబడి ఉంటే గాలి పరుగెత్తింది. విమానం దగ్గర అది తిరగబడుతుంది. గాలి ఊరికే నిలబడి ఉంటుంది, విమానమే గంటకు 250 కిలోమీటర్ల దాకా పరుగెత్తి తన తుపానుని తనే పుట్టించుకుంటుంది. రెక్కని చేట చెరిగినట్టు కాస్త ముందు వైపు ఎత్తి పడతారు. అది గాలిని కిందికి తోస్తుంది, గాలి దాన్ని పైకి తోస్తుంది. రేపు మీరెక్కే లాంటి విమానం నిండా మనుషులు, సామాన్లు, నూనె వేస్తే డెబ్బై టన్నులు దాటుతుంది. లెక్క వేసి చూశాను, మనం కూర్చున్న ఈ చాపంత రెక్క ముక్క మీద ఇంచుమించు ఒక టన్ను బరువు పడుతుంది. పదమూడు బియ్యం బస్తాలు, బస్తాకి డెబ్బై అయిదు కిలోల లెక్కన. రేపు రెక్క పక్కన సీటు దొరికితే ఆ బస్తాలు తలుచుకోండి.

పరుగెత్తించేది ఇంజను. దాని గురించి సునాబెడ పక్కన పెరిగిన మీకు నేను చెప్పడం తాతకు దగ్గులు నేర్పడమే. అక్కడి హిందుస్థాన్ ఏరోనాటిక్స్ కార్ఖానా 1960ల నుంచీ మిగ్ విమానాలకు ఇంజన్లు చేసింది. ఆ మిగ్-21కి మన వైమానిక దళం 2025 సెప్టెంబరులో సెలవిచ్చింది. ఇప్పుడు సుఖోయ్ ఇంజన్లు అక్కడ తయారవుతున్నాయి. కొండల మధ్య ఊళ్లో కూరగాయల సంత, దాని పక్కనే ఆకాశాన్ని చీల్చే ఇంజను! లోపల జరిగేది మాత్రం కమ్మరి కొలిమి పనే. గాలిని పీల్చడం, గట్టిగా నొక్కడం, నూనె చల్లి కాల్చడం, వెనక్కి విసరడం. వెనక్కి విసిరితే ముందుకు పోతుంది, దీపావళి తారాజువ్వలాగ. తేడా ఏమిటంటే, తారాజువ్వ తనకు కావలసినదంతా పొట్టలో మోసుకెళ్తుంది. ఇంజను దారిలో దొరికిన గాలిని వాడుకుంటుంది.

విమానం ఒళ్లు ఎక్కువగా అల్యూమినియం. ఇందాక దమన్‌జోడిలో ఎర్రమట్టి కొండ చూశారే, పంచపట్మలి, అందులోని బాక్సైటు నుంచే తెల్లటి అల్యూమినా పొడి తీస్తారు. దాన్ని అంగుల్ పంపితే అక్కడ కరెంటుతో లోహమవుతుంది. తేలిక లోహం కావాలి కానీ కొండా కావాలి. మన జిల్లాలోకి కూడా వచ్చే నియమగిరి కొండల్లో తవ్వకం గురించి 2013లో పన్నెండు గ్రామసభలను అడిగితే, పన్నెండూ వద్దన్నాయి. ఎగిరేవాడు కింద కొండ మీద ఎవరున్నారో కూడా చూడాలి మరి.

ఇప్పుడు కుక్కరు దగ్గరకి రండి. విమానం పది కిలోమీటర్ల పైకి పోతుంది. ఎత్తుకి వెళ్లేకొద్దీ కిలోమీటరుకి ఆరేడు డిగ్రీలు చల్లబడుతుంది, మీ కొరాపుట్ చల్లగా ఉండేదీ అందుకే. అంత పైన మైనస్ యాభై, గాలి నాలుగో వంతు. ఆ గాలి పీలిస్తే నిమిషం లోపే స్పృహ తప్పవచ్చు. అందుకని విమానాన్ని కుక్కరులా బిగించేస్తారు. చాలా విమానాల్లో ఇంజను నొక్కిన గాలిలోంచే, నూనె చల్లక ముందే కాస్త పక్కకు తీసి, చల్లార్చి లోపలికి పంపుతారు. అయితే పూర్తిగా విశాఖ గాలిలా నింపరు. అలా నింపితే డొల్ల గోడల మీద ఒత్తిడి ఎక్కువై, గోడలు మందంగా కట్టాలి, బరువు పెరుగుతుంది. అందుకని రాజీ పడతారు. లోపల గాలి దాదాపు రెండు వేల మీటర్ల కొండ మీద ఉన్నంత ఉంటుంది, 2,400 మీటర్లకు మించనివ్వరు. ఒడిశాలో కెల్లా ఎత్తైన మన దేవ్‌మాలి కొండ 1,672 మీటర్లు. అంటే రేపు సీట్లో బెల్టు పెట్టుకుని కూర్చుని, జంతిక నములుతూనే మీరు దేవ్‌మాలి కంటే ఎత్తైన కొండ మీద ఉంటారు. బయటి లెక్క కాదురోయ్, లోపలి లెక్క! చిప్సు పొట్లం పొంగి డోలులా అవుతుంది, చూడండి.

జయపురం నుంచి భువనేశ్వర్‌కి 2022లో మొదలైన తొమ్మిది సీట్ల చిన్న విమానానికి ఈ కుక్కరు హంగు లేదు. అందుకే అది మరీ పైకి పోదు, కొండలు కనబడేంత ఎత్తులోనే పోతుంది.

జయపురం అంటే గుర్తొచ్చింది. 1936 ఏప్రిల్ 1న ఒడిశా వేరుపడే దాకా మన ఊళ్లన్నీ విశాఖ జిల్లాలోవే. ఆ జయపురం రాజు విక్రమదేవ వర్మ ఆంధ్ర విశ్వవిద్యాలయానికి ఏటా లక్ష రూపాయలు ఇచ్చాడు. ఆ రోజుల్లో లక్ష! దేనికనుకున్నారు, గుడికీ గోపురానికీ కాదు, సైన్సు చదువుకి. అక్కడి సైన్సు కాలేజీకి ఆయన పేరే పెట్టారు. కొండ మీది రాజు సముద్రం ఒడ్డున పిల్లలు నీళ్లెందుకు మరుగుతాయో, గాలెందుకు నొక్కుతుందో తెలుసుకోవాలనుకున్నాడు. విశాఖలో దిగాక ఆయన్ని ఒకసారి తలుచుకోండి.

సరే, అమ్మమ్మ దీపం తగ్గించమంటోంది. వెళ్లేముందు మీకో పని. విమానం బాగా పైకెళ్లాక, నీళ్లు తాగేసి ఆ ఖాళీ బాటిలుకి మూత గట్టిగా బిగించండి. హైదరాబాదులో దిగాక చూడండి. హైదరాబాదు కూడా అయిదు వందల మీటర్ల పైన ఉన్న ఊరే, అయినా ఆ డొక్క బుజ్జిగాడి బాటిలు కంటే ఎక్కువే నలగాలి. నలిగిందా లేదా అన్నది తాత మాట మీద నమ్మొద్దు. రెండు బాటిళ్లూ పారేయకుండా, మూతలు తీయకుండా పక్కపక్కన పెట్టి చూసి, నాకు ఫోన్ చేయండి.