ఇంటి ముఖం, ఇంటి వెనుక

ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అన్నారు మన పెద్దలు. వల్లూరు మొదలు ప్రొద్దుటూరు దాకా ఇప్పుడు లేస్తున్న కొత్త ఇళ్ళను గమనించారా? చాలావాటి ముందు లావుపాటి గుండ్రని స్తంభాలు, వాటి తలలమీద సిమెంటుతో పోసిన ఆకులు, చుట్టలు కనిపిస్తాయి. మన పాత మిద్దెలకు కొయ్య స్తంభాలే గాని ఇలాంటివి ఎరుగం. మరి ఇవి ఎక్కడినుంచి వచ్చాయంటారు?

వీటి పుట్టిల్లు ప్రాచీన గ్రీకు, రోమను గుళ్ళు. ఇటలీలో పల్లాడియో (1508–1580) అనే వాస్తుశిల్పి పాత రోమను కట్టడాలను కొలిచి, ఆ లెక్కలతో మనుషులుండే ఇళ్ళు కట్టాడు. 1570లో నాలుగు భాగాల పుస్తకం అచ్చువేశాడు. ఆ దారినే ఇంగ్లండు భూస్వాములు పల్లెపట్టున, తమ పొలాల నడుమ పెద్ద పెద్ద మేడలు లేపారు. విక్టోరియా రాణి కాలంలో (1837–1901) వేరే ఫ్యాషన్లు వచ్చినా ఇది పోలేదు. పైపెచ్చు మన తెలుగునాట కూడా అడుగుపెట్టింది. హైదరాబాదులో చార్మినారుకు అయిదు కిలోమీటర్ల దూరాన, గుట్టమీదున్న ఫలక్‌నుమా అందుకు సాక్ష్యం. 1884లో నవాబు వికారుల్ ఉమ్రా పునాది వేయించగా, పూర్తి కావడానికి సుమారు తొమ్మిదేళ్ళు పట్టింది.

ఈ పద్ధతిలో ముఖ్యమైన సూత్రాలు రెండు. ఒకటి, సమానత. వాకిలి నడుమ గీత గీస్తే కుడివైపు ఎన్ని కిటికీలో ఎడమవైపూ అన్నే ఉండాలి. రెండు, కొలత. స్తంభం అడుగు మందమే కొలబద్ద. పొట్టేలు కొమ్ముల్లాంటి చుట్టలున్నది అయోనిక్ స్తంభం. దాని ఎత్తు మందానికి సుమారు తొమ్మిది రెట్లు. ఆకుల గుత్తి ఉన్నది కొరింథియన్. అది ఇంకా సన్నం. ఆ లెక్క తప్పిందా, స్తంభం కాస్తా బోదకాలులా కనిపిస్తుంది! కొలత లేనిదే అందం లేదన్న సంగతి మన పుష్పగిరి గుళ్ళు కట్టిన స్థపతులకూ బాగా తెలుసు.

ఇంతవరకూ ఇంటి ముఖం గురించి చెప్పుకున్నాం. ఇక వెనుకకు వెళ్దాం. ఇంగ్లండు మేడల్లో వంటశాల, పనివాళ్ళ గదులు అతిథుల కంటపడకుండా ఒక మూలకు నెట్టేవారు. ఫలక్‌నుమాలోనూ పాలరాతి మెట్లు, నూటొక్కమంది కూర్చునే భోజనాల బల్ల ఉన్నది ఉత్తరపు ముఖభవనంలో. వంటశాల, జనానా దక్షిణాన, వెనుక. అంటే అందమంతా వచ్చిపోయేవారికి, ఇంట్లో మసిలేవారికి మిగిలింది వెనుకభాగం. ఇంతాచేసి నవాబుగారు తలకు మించిన ఖర్చులో పడ్డారని, చివరికి మేడ ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ చేతికి పోయిందని చెబుతారు. ఏళ్ళ తరబడి మూతబడిన ఆ మేడను ప్రిన్సెస్ ఎస్రా పర్యవేక్షణలో బాగుచేశారు. 2010 నుంచి అది హోటలు.

కాబట్టి, అమ్మా, మీ ఇంటి ప్లాను గీసేటప్పుడు మేస్త్రీ పక్కన మీరూ కూర్చోండి. ఆ మేడల నుంచి నేర్చుకోదగినవీ లేకపోలేదు. లోతైన వరండా మన కడప ఎండకు గోడల్ని కాపాడుతుంది. ఎత్తయిన కప్పు వేడిని పైకి లాగుతుంది. ఎదురెదురు కిటికీలు గాలినిస్తాయి. బరువు మోయని ఉత్తుత్తి స్తంభం మాత్రం డబ్బు మింగడం తప్ప ఏమీ చేయదు. ఆ డబ్బుతో వంటింటికి ఇంకో కిటికీ, నిలబడి పనిచేసేందుకు ఎత్తు సరిపడే కడపబండ గట్టు, పొగ పోయే దారి అడగండి. వీధివాళ్ళు ఇంటి ముఖాన్ని ఒక్క నిమిషం చూసి పోతారు. వంటింట్లో మీరు గడిపేది జీవితకాలం కదా!